అంటు క్రింది చిగురు

రాజమహేంద్రవరమున మా పెరటిలో నాటిన పసుపు గులాబి యొకటి, తొలి రెండు శీతకాలములును అరచేతి వెడల్పు పూవులు పూచి, వీధివెంట పోవువారిని సైతము గుమ్మముకడ నిలిపి, మూడవయేట వానలు పట్టిన పిమ్మట ఎన్నడును లేని ఏపుతో పెరిగి, ప్రహరీగోడ దాటి, పొరుగువారి జామకొమ్మల నానుకొని, ఆ యేపు నడుమనే పూయుట మానివేసినది. మొక్క వాడినచో మనుష్యులు కంగారుపడుదురు గాని, దట్టముగా ఆకు తొడిగి నిగనిగలాడుచున్న మొక్కను చూచి దానికేదో కీడు మూడినదని ఎవరు తలంతురు? మేమును సంతోషించితిమి. శీతకాలము వచ్చినది, పోయినది; ఒక్క మొగ్గ లేదు. పేడయెరువు ఎక్కువైనదని ఒకరును, ఎండ చాలలేదని ఒకరును, పదిమంది కన్ను పడినదని మా పిన్నియు చెప్పిరి. ఎదురింటి పెద్దాయన మాత్రము, సీమ గులాబి మన నేల గుణముచేత జాతి మారి అడవిమొక్క యైపోయినదని తీర్పు చెప్పెను.

ఈ కడపటి మాటను నేను పలుచోట్ల, పలురూపములలో, బాగుగా చదువుకొన్నవారి నోటను గూడ వినియుంటిని. కొందరి గులాబి పూయుట మానినది. కొందరి గులాబి రంగు మార్చినది. ఎట్లైనను జాతి మారినదనుటయే అందరి సమాధానము. కాని యే గులాబియు నేలను చూచి జాతి మార్చుకొనదు. మనము నర్సరీలో నల్లని ప్లాస్టిక్ సంచితో సహా కొని తెచ్చుకొనునది మొదటినుండియు రెండు మొక్కలు. పేరు మాత్రము ఒక్కదానిదే.

కడియము, కడియపులంక పరిసరములలో చలికాలపు ఉదయమున నర్సరీలవెంట నడచినవారు ఆ రెండును ఒకటియగు తీరును కన్నులార చూడవచ్చును. మొండిగా పెరుగు స్వభావముగల యొక గులాబిజాతి కొమ్మముక్కలను ముందుగా పాతి, వేరు తొడిగించి, కాండము పెన్సిలంత లావెక్కిన తరువాత, నేలకు కొంచెము పైగా దాని బెరడుపై టీ అక్షరమువంటి గాటు పెట్టుదురు. పూవుకొరకు మనము కోరుకొను మేలిజాతి కొమ్మనుండి, ఆకుతొడిమ మొదట నిద్రించుచున్న చిన్న మొగ్గను, డాలు ఆకారపు బెరడుముక్కతో కూడ చెక్కి తీయుదురు. దీనినే అంటు కట్టువారు కన్ను అందురు. (మా పిన్ని చెప్పిన కన్ను వేరు.) గాటుపెట్టిన బెరడు రెక్కలను సుతారముగా లేపి, ఆ కన్నును లోనికి జొనిపి, మొగ్గ మాత్రము బయటికి కనబడునట్లు సన్నని ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టుదురు. బెరడునకును కట్టెకును నడుమ తడిపొరవలె నుండు కేంబియమను కణముల వరుస ఇరువైపులను విభజన చెంది, రెండు మూడు వారములలో ఒకదాని నాళములను మరియొకదాని నాళములతో కలిపివేయును. కన్ను పట్టినదని తేలినపిమ్మట దానికి పైనున్న క్రింది జాతి కొమ్మనంతయు కోసివేయుదురు. అప్పటినుండి వేరు ఒకరిది, తల మరియొకరిది. వేరు నిచ్చిన మొక్కను వ్యవసాయశాస్త్రమున వేరుమూలమందురు.

ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. మేలిజాతి గులాబి గింజనుండి తల్లిని పోలిన పిల్ల పుట్టదు. ఫ్రాన్సు దేశమున లియాన్ సమీపమున ఫ్రాన్సిస్ మెయాఁ అను యువకుడు 1935లో చేసిన సంకరమునుండి లభించిన ఒకే యొక గింజమొక్క, 1945లో యుద్ధాంతవేళ పీస్ అను పేరు ధరించి, లోకమంతటను కోట్లకొలది తోటలకు ప్రాకినది. ఆ కోట్ల మొక్కలలో ప్రతియొక్కటియు, ఆ తొలిమొక్కనుండి కన్నువెంట కన్నుగా వచ్చినదే. కొమ్మ పాతి పెంచరాదా యన్నచో, హైబ్రిడ్ టీ అను పెద్దపూవుల వర్గమునందలి అనేక రకములు తమ సొంతవేళ్లమీద నీరసముగా నడచును. పైగా అంటుకు ఒక్క కన్ను చాలును గనుక, నాలుగైదు కన్నులున్న కొమ్మముక్కనుండి ఒక్క మొక్కకు మారు నాలుగైదు మొక్కలు లభించును. వర్తకునకు ఈ లెక్కయే ప్రధానమని నా యనుమానము.

ఇక వేరునిచ్చు జాతులు దేశమునుబట్టి మారును. ఐరోపాలో కుక్కగులాబి యని పేరుగల రోజా కనైనా చాలకాలము రాజ్యమేలినది. ఇసుకనేలయు, వేరుముడి పురుగులునుగల ఫ్లోరిడాలో ఫార్చ్యూనియానాను వాడుదురు. మన ఉత్తరదేశమున రోజా ఇండికా ఒడొరాటా యను దానిని, వంగ, బీహారు ప్రాంతములలో రోజా మల్టిఫ్లోరాను, మరికొన్ని చోట్ల ఎడ్వర్డ్ గులాబిని వాడుట పరిపాటి. ఈ ఎడ్వర్డ్ చరిత్ర విచిత్రము: నేడు రీయూనియన్ అనబడు హిందూమహాసముద్రపు దీవి, బూర్బన్ అను పేరుతో నున్నకాలమున, అచ్చటి రైతులు కంచెలుగా నాటిన చైనా గులాబియు డమాస్కు గులాబియు తమంతట తాము సంకరము చెందగా జన్మించిన బూర్బన్ వంశమునకు చెందినది. పూలహారములకు విడిపూవులుగా అమ్ముడుపోవు ఆ సువాసన గులాబియే నర్సరీలో మరియొక గులాబికి కాలుగా నిలుచును. గోధుమ వంగడముల పరిశోధకుడుగా విఖ్యాతుడై, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్ పండితుడు గులాబీల వ్యసనపరుడు. మరుసటియేట 'ది రోజ్ ఇన్ ఇండియా' యను గ్రంథమును వెలువరించెను. పెక్కు క్రొత్త గులాబీలను సృష్టించెను. అంటుకట్టి అమ్ముచోట నెల్ల ఆ పండితుని గులాబీలును పరుల కాళ్లమీదనే నిలిచినవి.

రంగు మారు కథలకు పుట్టినిల్లు అమెరికా. టెక్సస్‌లో స్థిరపడిన మా మేనకోడలు, 2021 ఫిబ్రవరి మంచుదెబ్బకు మాడిపోయినదనుకొన్న తన తెల్లగులాబి, మరుసటి వసంతమున ముదురు రక్తవర్ణపు పూవులను తీగలు తీగలుగా పూచినదని ఆశ్చర్యపడి ఛాయాచిత్రము పంపినది. రేకుల నడుమ పచ్చని కేసరములు కనబడుచున్న ఆ నల్లయెరుపు పూవును చూడగనే గుర్తుపట్టవచ్చును. దాని పేరు డాక్టర్ హ్యూయీ. ఫిలడెల్ఫియా వాస్తవ్యుడును, పిమ్మట కాలిఫోర్నియాలో గోల్ఫు మైదానముల రూపశిల్పిగా ప్రసిద్ధి కెక్కినవాడును నగు కేప్టెన్ జార్జ్ థామస్ 1914లో దానిని సృష్టించి, తనకు గులాబీలపై మక్కువ కలిగించిన యొక దంతవైద్యుని పేరు పెట్టెను. 1920లో అది తీగగులాబిగా విపణికి వచ్చినది. పూవుగా దానిని కోరువారు కాలక్రమమున తగ్గిపోయిరి గాని, కాలిఫోర్నియా, అరిజోనా పొలములలో కన్ను పట్టుటకు దానిని మించిన కాండము లేదని నర్సరీవారు కనుగొనిరి. నేడు ఆ దేశమున అసంఖ్యాకములైన ఇండ్లముందు, కొన్నవారికి పేరైనను తెలియకుండ, డాక్టర్ హ్యూయీ మట్టిలో నుండి పనిచేయుచున్నాడు. పైవాడు చచ్చిననాడు మాత్రమే పూచి ముఖము చూపును.

రెండు మొక్కల రసము కలసి ప్రవహించుచున్నప్పుడు వాని స్వభావములును కొంత కలియవా యని సందేహము కలుగవచ్చును. వేరు పంపు నీరు, లవణములు పైమొక్కకు పోవును. ఆకు వండిన చక్కెర క్రిందికి దిగును. వేరు బలమునుబట్టి పైమొక్క పొడవు, పూవుల సంఖ్య కొంత మారును. కాని అతుకునకు పైనున్న ప్రతికణమును పైజాతిదే, క్రిందనున్న ప్రతికణమును క్రిందిజాతిదే. ఈ నియమమునకు భంగము వృక్షలోకమున మిక్కిలి యరుదు: పారిస్ సమీపమున ఆడమ్ అను నర్సరీ యజమాని 1825లో కట్టిన లాబర్నమ్ అంటునుండి, రెండు జాతుల కణములు పొరలుపొరలుగా కలసిన వింతకొమ్మ యొకటి పుట్టి, ఒకే చెట్టున పసుపు పూవులను, ఊదా పూవులను, రెంటికి నడిమి రంగు పూవులను పూచి, డార్విన్ మహాశయుని సైతము ఆలోచింపజేసినది. రెండు శతాబ్దులుగా వృక్షశాస్త్రజ్ఞులు దాని ముచ్చట చెప్పుకొనుచున్నారనుటయే అట్టివి ఎంత తక్కువయో తెలుపును. మా పెరటి గులాబికి అంతటి అదృష్టము పట్టలేదు. దానికి పట్టినది పిలక.

అతుకునకు క్రింద, వేరుమూలపు కాండముపైనగాని వేరుమీదగాని పుట్టు కొమ్మయే పిలక. బత్తాయితోటలు పెంచు రైతులకు, అనంతపురమున వీనినే చీనీతోటలందురు, ఇది క్రొత్తవిషయము కాదు. జంబేరిమీదనో రంగపూరు నిమ్మమీదనో కట్టిన అంటు క్రిందినుండి ముండ్లకొమ్మ లేచినచో వారు చూచిననాడే తీసివేయుదురు. పట్టణవాసి మాత్రము పెరటిలో చిగురు కనబడినదని మురిసి ఇంకొక చెంబెడు నీరు పోయును.

ఆ చిగురు అంతవరకు ఎక్కడ దాగియున్నది, ఆనాడే యేల మేల్కొన్నది? కొమ్మముక్కను నాటుటకు ముందే, మట్టిలో నుండబోవు భాగపు కన్నులన్నిటిని కత్తితో చెక్కివేయుట జాగ్రత్తగల నర్సరీవారి అలవాటు. అందులో ఒకటి తప్పించుకొన్నను చాలును. అది ఏండ్ల తరబడి నిద్రింపగలదు. నిద్రపుచ్చునది పైనున్న చిగురే. కాలిఫోర్నియాలో థీమన్, స్కూగ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు 1933లో చిక్కుడుజాతి మొక్కల తలలను కోసి చూడగా, క్రిందనున్న పక్కమొగ్గలు వెంటనే పెరుగజొచ్చినవి; కోసినచోట ఆక్సిన్ అను పదార్థమును పెట్టగా, తల లేకున్నను ఉన్నట్లే భ్రమించి అవి నిద్రించినవి. కొమ్మ కొసయందు పుట్టు ఈ ఆక్సిన్ కాండమువెంట క్రిందికి దిగుచు, మార్గమునందలి మొగ్గలనెల్ల అదుపులో నుంచును. వేళ్లయందు పుట్టు సైటోకైనిన్ అనునది వానిని మేల్కొల్పజూచును. స్ట్రిగోలాక్టోన్ అను మరియొక వర్గము మేల్కొననీయక పట్టియుంచునని 2008లో తేలినది. కావున నిద్రయు మెలకువయు ఈ మూటి బలాబలములమీద నాధారపడియున్నవి.

పైమొక్క ఆరోగ్యముగా నున్నంతకాలము క్రిందికన్ను సాధారణముగా లేవదు. దానిని మితిమీరి కత్తిరించినచో, లేక కొమ్మ కొసనుండి క్రిందికి నల్లబడుచు ఎండు తెగులు సోకినచో, పైనుండి దిగు అదుపు సన్నగిల్లును. వేరునుండి లేచు బలము మాత్రము తగ్గదు. ఆ బలమంతయు వేరునకు అతిసమీపముననున్న కన్నునకు దక్కును. ఒకసారి లేచిన పిలక, స్వభావసిద్ధమైన మొండితనముచేత, నెల తిరుగకముందే మేలికొమ్మను మించి, దానికి నీడ పట్టి, నీటిని తానే త్రాగి, చివరకు యజమానురాలిని ఇల్లు వెడలగొట్టును. తవ్వునప్పుడు పలుగు తగిలి వేరు గాయపడినచోట గూడ కొన్ని జాతులు పిలకలు వేయును. గులాబిమొదట లోతుగా పలుగు వాడరాదని పెద్దలు చెప్పుట ఇందుకే.

నేను మొదట చేసిన పని ఇటువంటి పరిస్థితిలో ఎవరైనను చేయునదే. కత్తెర తీసికొని, ఆ పొడవుకొమ్మను నేలమట్టమునకు కోసివేసితిని. ఇరువదిరోజులలో అచ్చట ఒక్కదానికి మారు నాలుగు లేచినవి. ఆ వారమున కడియమునుండి మొక్కలబండితో వచ్చిన యొక వృద్ధుడు, నలుబదియేండ్లుగా అంటు కట్టు చేతివాడు, ఆ గుబురును చూచి నవ్వెను.

"కోశారా బాబూ? కోస్తే ఒకటికి నాలుగొస్తాయండి. మొదలంటా పీకెయ్యాలండి."

థీమన్, స్కూగ్‌ల పరిశోధనాపత్రములోని సారమంతయు ఆయన మూడు మాటలలో నున్నది. పిలకకును ఒక కొస యున్నది. ఆ కొస తన క్రింది మొగ్గలను నిద్రపుచ్చుచున్నది. నేను కోసినది ఆ కొసనే. మట్టిలో మిగిలిన అంగుళమెడు మొదటిలో, కంటికి కానరాని మొగ్గలు ముసురుకొనియుండును. కోయుటవలన పిలకకు నేను చేసినది శిక్ష గాక సేవ.

పీకుటకు ముందు అది నిజముగా పిలక యేనా యని తేల్చుకొనవలెను. ఏడు పత్రకములున్న ఆకు పిలకదనియు, ఐదున్నది అసలుమొక్కదనియు ఒక సూత్రము ఊరూర వ్యాపించియున్నది. దానిని నమ్మి ఎందరు మేలికొమ్మలను నరికివేసిరో! నేటి తోటగులాబీలలో ఏడు పత్రకముల ఆకులు వేయునవి అనేకములు. డాక్టర్ హ్యూయీయో, తరచుగా ఐదే వేయును. ఆకు లేతపచ్చదనము, ముంటి వంపు, కాండపు నునుపు పైకొమ్మలతో పోల్చి చూచినచో కొంత తెలియును; మల్టిఫ్లోరా యైనచో ఆకుతొడిమ మొదటనున్న పుచ్ఛములు దువ్వెనపండ్లవలె చీలియుండును, ఆ గుర్తు తప్పదు. కాని అన్నిటికంటె నమ్మదగినది జన్మస్థానము. బొరిగెతో మట్టిని మెల్లగా తొలగించి, కొమ్మను వెంబడించి, అది అతుకుముడికి పైన పుట్టినదో క్రింద పుట్టినదో కన్నులతో చూడవలెను. ముడినుండియో దాని పైనుండియో ఎఱ్ఱని చిగురుతో బొటనవ్రేలి లావున దూసుకొని వచ్చు కొమ్మ, రాబోవు యేండ్లలో పూవులు మోయవలసిన అసలుకొమ్మ. తొందరపడి దానిని పీకినవారికి జరిగిన నష్టము, పిలకలవలన జరిగిన నష్టమునకు తీసిపోదు. ఒక్కొక్కప్పుడు పైకొమ్మయే అకస్మాత్తుగా వేరురంగు పూవు పూయుట కలదు. అది మొగ్గలోనే పుట్టిన జన్యుమార్పు. దానికిని పిలకకును సంబంధము లేదు, తరచుగా క్రొత్త రకములు అట్లే లభించును.

పిలకయని తేలినచో, మొదలు కనబడువరకు మట్టి తీసి, చేతికి మందపు తొడుగు వేసికొని, కాండమునకు అతిసమీపమున పట్టుకొని, క్రిందికి ప్రక్కకు ఒక్కగుంజున ఊడబెరుకవలెను. అప్పుడు దానితోపాటు మొదటి మడమభాగమును, అందు దాగిన మొగ్గలును ఊడివచ్చును. లేతగా వ్రేలెడు పొడవున నున్నప్పుడు బొటనవ్రేలితో నెట్టినను చాలును. ముదిరి కట్టెయైనదానిని లాగినచో కాండపు బెరడంతయు చీలిపోవచ్చును గనుక, పదునైన కత్తితో దాని పుట్టుచోటును కొంచెము లోతుగా చెక్కివేయుట మేలు. కలుపుమందు పూసి చంపుదమను ఆలోచన మాత్రము కూడదు. ఆకుపై పడిన గ్లైఫోసేట్ చక్కెర దిగు దారినే వేరునకు దిగును, వేరు ఇరువురికిని ఉమ్మడి. ఇక నాటునప్పుడే అతుకుముడిని నేలమట్టమునకు కొంచెము పైన నుండనిచ్చుట మన ఉష్ణదేశమున మంచిది: ఎవరు ఎక్కడ పుట్టుచున్నారో కూర్చున్నచోటినుండియే తెలియును. మంచుకురియు దేశములలో ముడిని లోతుగా పూడ్చుదురు. అది చలికి భయపడి చేయుపని, మనకు అవసరము లేదు.

కొమ్మ పాతి సొంతవేళ్లమీద పెంచిన నాటుగులాబులకు ఈ బాధ లేదు. మొదటినుండి ఏది లేచినను అదే పూవు.

వృద్ధుడును నేనును కలసి ఆ సాయంకాలము మా గులాబి మొదట మట్టి తీసితిమి. నాలుగు పిలకల నడుమ, చిటికెనవ్రేలంత నల్లని మోడు ఒకటి బయటపడినది. అదియే పసుపుగులాబి. ఎండుతెగులుచేత ఎప్పుడో పైనుండి క్రిందివరకు చచ్చినది. గోటితో గీరి చూడగా అతుకుముడివద్ద గూడ పచ్చదనము లేదు. మేము పెరుగుచున్నదని మురిసినకాలమంతయు అది చచ్చుచునే యున్నది. పిలకలను పీకుటవలన ఇప్పుడు రక్షింపబడువారెవ్వరును లేరు. నేను పలుగు తీసికొని మొత్తము పెకలింపబోగా ఆయన వారించి, నాలుగింటిలో మూడింటిని ఊడబెరికి, మిగిలిన యొక్కదానిని రెండువ్రేళ్లనడుమ పట్టి లావు చూచెను.

"వేరు బంగారంలా ఉందండి. దీన్నెందుకు పారేస్తారు? చలికాలందాకా ఉంచండి, నేనొచ్చి కన్నేస్తాను."

పుష్యమాసమున ఆయన వచ్చెను. తడిగుడ్డలో చుట్టిన కొమ్మలను అరుగుమీద పరచి, కత్తిని అరచేతిపై రెండుసార్లు నూరి, అడిగెను:

"ఏ రంగు పెట్టమంటారండి?"